చప్పుడు ఆగితే వెనక్కి

బాన్సువాడ జూనియర్ కాలేజీ పిల్లలు తమ ఫిజిక్స్ లెక్చరర్ సమ్మన్నకు చాటుగా ఉరుకుడు సారు అని పేరు పెట్టుకున్నారు. బస్టాండు దగ్గర టీ కొట్టులో పాలు పొంగబోయే ముందు ఒక్క క్షణం సద్దుమణిగితే చాలు, ఆయన చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసి గభాలున వెనక్కి జరుగుతాడు. కొట్టువాడు కూడా అలవాటు పడిపోయి, పొయ్యికి దూరంగా ఆయన కోసం ఒక స్టూలు వేసి ఉంచుతాడు. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. వెనక్కి జరగడం ఆ మనిషి రెండుసార్లు నేర్చుకోవలసి వచ్చిందని వాళ్లకేం తెలుసు?

మొదటిసారి నేర్పింది తండ్రి బుచ్చన్న, పిల్లల పిలుపులో బాపు. బిచ్కుంద రోడ్డు పక్కన పటేలు చెరుకు తోటలో బెల్లం బట్టీ ఉండేది. అక్కడ పాకం చూసేది ఆయనే. నేలలో తవ్విన పొయ్యి మీద పదిమంది చుట్టూ నిలబడగలిగేంత ఇనుప కడాయి. అందులో చెరుకు రసం పొద్దుటి నుంచి మరుగుతూనే ఉంటుంది. నిలువెత్తు కర్రకు పలక బిగించిన తెడ్డుతో బుచ్చన్న దాన్ని కలుపుతూ ఉంటాడు. కళ్లు ఎటో చూస్తుంటాయి. పాకాన్ని ఆయన చూసేది చెవులతో. రసం పలచగా ఉన్నప్పుడు కుతకుత, దగ్గరపడే కొద్దీ గుబగుబ. ఈ రెండింటి మధ్య ఎప్పుడో ఒకసారి, ఏ సూచనా లేకుండా, చప్పుడు ఆగిపోతుంది. అడుగున వేడి ఇరుక్కుపోయి, పైన చిక్కటి పాకం మూతలా కమ్ముకుని, లోపలిది పైకి రాలేక కూర్చుంటుంది. ఆ తర్వాత కడాయి ఎగజిమ్ముతుంది.

"సప్పుడు ఆగిందంటే సూసుడు లేదు, అడుగుడు లేదు," అని బుచ్చన్న పిల్లలిద్దరికీ చెప్పేవాడు. "ఎనుకకు అని ఒర్రాలె, ఎనుకకు ఉరకాలె. పొయ్యిల మంట గుంజాలె. గంతే."

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడ్డాయి. పదో తరగతి చదివే సమ్మన్న ఆ చెరుకు కాలమంతా బట్టీ దగ్గరే ఉన్నాడు. అక్క గంగమణి కడాయి మీద తెట్టు తీసేది, ఇతను పొయ్యిలోకి ఎండిన చెరుకు పిప్పి వేసేవాడు. ఒకరోజు మధ్యాహ్నం గానుగ దగ్గర ఏదో ఇరుక్కుందని పిలిస్తే, బుచ్చన్న తెడ్డును కడాయి అంచుకు ఆనించి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి చప్పుడు ఆగిపోయి ఉంది. "ఎనుకకు" అని ఆయన అరిచిన అరుపుకు అందరూ ఉరికారు. ఉరకమన్న మనిషి మాత్రం ఉరకలేదు. ఆనించిన తెడ్డు కడాయిలోకి జారిపోతుంటే అందుకోబోయాడు. ముప్పై ఏళ్లు పట్టుకున్న తెడ్డు అది, చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది.

పాకం మీద పడి కాలిన మనిషిని బాన్సువాడ దవాఖానలో అరటాకు మీద పడుకోబెట్టారు. వారం తిరగకముందే పోయాడు.

ఆ తర్వాత తెడ్డు గంగమణి పట్టుకుంది. ఆడపిల్ల పాకం చూసుడేందని పటేలు ముందు మొహం చిట్లించాడు. మొదటి కడాయి బెల్లం చేతిలోకి తీసుకుని, విరిచి, వాసన చూసి, నోరు మూసుకుని వెళ్లిపోయాడు. గంగమణికి భయం లేదనుకున్నారు అందరూ. నిజానికి ఆమెకు ఉన్నంత భయం ఆ బట్టీ మీద ఇంకెవరికీ లేదు. చప్పుడు కాస్త తగ్గినా చాలు, ఎవరు నవ్వినా సరే, అరిచి ఉరికేది.

సమ్మన్నకు మాత్రం బట్టీ వైపు వెళ్లే ధైర్యమే పోయింది. ఇంట్లో అన్నం కుండలో నీళ్లు ఇంకిపోయి చప్పుడు ఆగితే ఉరికి వాకిట్లోకి వచ్చి నిలబడేవాడు. తల్లి ముత్తవ్వ కొన్నాళ్లు గమనించింది. అన్నం దగ్గరపడే వేళకు గరిటెతో పొయ్యి రాయి మీద టకటకా కొడుతూ కూర్చోవడం మొదలుపెట్టింది. కొడుకు ఇంట్లో ఉండగా ఆ పొయ్యి దగ్గర నిశ్శబ్దం అన్నది రానివ్వలేదు ఆ తల్లి.

భయంతో మూలన కూర్చున్నవాడికి చదువు తప్ప తోడేముంది? అక్క తెడ్డు కూలితో తమ్ముడు బీఎస్సీ, ఎమ్మెస్సీ గట్టెక్కాడు. బొంబాయిలో ఒక పరిశోధనశాలలో చోటు దొరికింది. గంగమణి మొగుడు మద్నూర్ నుంచి లారీ నడుపుతాడు. ఆ లారీలోనే, ఉల్లిగడ్డ బస్తాల మీద కూర్చుని, సమ్మన్న బొంబాయి చేరాడు. మరిగే వాటికి దూరంగా, చల్లటి వాటి మీద పని చేస్తానని కావాలనే ఎంచుకున్నాడు. హీలియం అనే వాయువును సున్నాకు రెండు వందల అరవై తొమ్మిది డిగ్రీలు కిందికి చల్లబరిస్తే నీళ్లలా ద్రవం అవుతుంది. ఆ ద్రవంలో శబ్దం ఎలా ప్రయాణిస్తుందో కొలవడం అతని పని. అంత చలిలో పొంగడం ఏముంటుంది, పొయ్యి ఏముంటుంది అనుకున్నాడు పాపం.

తీరా చూస్తే హీలియం కూడా మరుగుతుంది. అంత చలిలోనే మరుగుతుంది.

మొదటి ప్రయోగం రోజున గురువు పరాంజపే పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. గోడల మధ్య గాలి లేకుండా చేసిన పొడవాటి గాజు పాత్ర, దానికి వెండి పూత, పూతలో చూడడానికి వదిలిన సన్నటి గీత. గీతలోంచి చూస్తే లోపల ద్రవం కుతకుతమని బుడగలు కక్కుతోంది. పంపు దాని ఆవిరిని లాగేస్తూ ఉంటే ఇంకా చల్లబడుతుంది. పంపు మోతలో బుడగల చప్పుడు వినబడదు. కానీ బట్టీ మీద పెరిగినవాడు బుడగలను చూశాడంటే విన్నట్టే. సమ్మన్నకు అరచేతుల్లో చెమట పట్టింది. ఇది చల్లటిది, ఇది చల్లటిది అని లోలోపల చెప్పుకుంటూ కూర్చున్నాడు.

సున్నాకు రెండు వందల డెబ్బై ఒక్క డిగ్రీలు కిందికి దిగగానే బుడగలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

తగ్గుతూ తగ్గుతూ ఆగడం కాదు. ఉన్నవి ఉన్నట్టుండి లేవు. ద్రవం అద్దంలా నిలబడిపోయింది. పరాంజపే సంతోషంగా గాజు మీదికి మరింత వంగారు. సమ్మన్నకు బొంబాయి లేదు, ప్రయోగశాల లేదు. కడాయి మీదికి వంగిన బాపు కనిపించాడు.

"ఎనుకకు" అని తెలుగులో ఒర్రి, గురువుగారి భుజాలు పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరూ కుర్చీతో సహా నేల మీద పడ్డారు. పడ్డవాడు ఊరుకున్నాడా? బాపు చెప్పిన రెండో పని, మంట గుంజాలె. లేచి వెళ్లి పంపు వాల్వు తిప్పి మూసేశాడు. దాంతో లోపల ద్రవం మళ్లీ వేడెక్కి, ఎగిసెగిసి మరిగి, ఎన్నాళ్లుగానో పోగుచేసిన హీలియమంతా చూస్తుండగానే ఆవిరైపోయింది.

పరాంజపే చొక్కా దులుపుకున్నారు. పక్క గది వాళ్లు తలుపులో నిలబడి చూస్తున్నారు. ఈ కుర్రవాడిని అదే సాయంత్రం రైలెక్కిస్తారనే అందరూ అనుకున్నారు. సమ్మన్న కూడా పెట్టె సర్దుకోవాలనే అనుకున్నాడు. గురువుగారు తలుపు మూసి, ఏమైందని హిందీలో అడిగారు. సమ్మన్న చెప్పాడు. బట్టీ గురించి, తెడ్డు గురించి, దవాఖానలో అరటాకు గురించి.

ఆయన అంతా విన్నారు. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మామూలు ద్రవంలో వేడి ఒకచోట పోగవుతుంది, పోగైనచోట బుడగ పుడుతుంది. బుడగలు ఆగిన ఆ చలి హద్దు దాటిన హీలియంలో వేడి ఎక్కడా నిలవదు. పుట్టిన మరుక్షణం ద్రవమంతా పరుచుకుపోతుంది. ఏ మూలా పక్క మూలకన్నా వేడిగా ఉండదు, కాబట్టి బుడగకు పుట్టే చోటే లేదు. "మీ నాన్నగారి కడాయిలో వేడి ఇరుక్కుని చప్పుడు ఆగింది. ఇక్కడ వేడికి ఇరుక్కోవడమే చేతకాక ఆగింది. చూడడానికి రెండూ ఒకటే," అన్నారు. "కానీ ఈ పని చేయాలంటే ఆ సమయంలో నువ్వు కదలకూడదు. చెయ్యి కూడా కదపకూడదు. కూర్చోగలిగితే ఉండు. లేకపోతే నీ తప్పేమీ లేదు, ఇంటికి వెళ్లు."

ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? అక్క అరచేతుల్లో కాయలు కాచినందుకు ఇదా ఫలితం? ఉన్నాడు.

పని చెప్పుకోవడానికి తేలిక. ద్రవంలో ఒక చివర స్ఫటికపు బిళ్ల ఉంటుంది. కరెంటు తగిలిస్తే అది అదిరి, చెవికి అందనంత సన్నటి శబ్దాన్ని ద్రవంలోకి పంపుతుంది. అది అవతలి గోడకు తగిలి తిరిగి వస్తే తెర మీద పచ్చటి గీత నిటారుగా లేస్తుంది. హద్దుకు దూరంగా ఉన్నప్పుడు గీత బలంగా, వేళకు వస్తుంది. ద్రవాన్ని హద్దు దగ్గరికి తెచ్చేకొద్దీ శబ్దం నడక మందగించి గీత ఆలస్యంగా వస్తుంది, పొట్టిదవుతుంది. సరిగ్గా హద్దు మీద ద్రవం ఇటుండాలా అటు పోవాలా తేల్చుకోలేక లోపల్లోపల ఊగిసలాడుతుంది. పంపిన శబ్దమంతా ఆ ఊగిసలాటలోనే ఖర్చయిపోతుంది. గీత తెర అడుగున గరికలా అదిరే పిచ్చి గీతల్లో కలిసిపోతుంది. హద్దు దాటించి ఇంకొంచెం చల్లబరిస్తే మళ్లీ మెల్లగా తలెత్తుతుంది.

ఆ గీత కనబడకుండా పోయే కాసేపు సమ్మన్నకు పై ప్రాణాలు పైనే పోయేవి. ఇటు బుడగలు ఆగిపోతాయి, అటు ప్రతిధ్వని రాదు. కాళ్లు కుర్చీ కోళ్లకు మెలిపెట్టి, పళ్లు బిగించి కూర్చునేవాడు. వస్తుంది, ఉండు, అని పరాంజపే వెనక నుంచి అనేవారు. వచ్చేది. ప్రతిసారీ వచ్చేది. ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు గడిచాయి. మెల్లమెల్లగా కాళ్లు మెలిపెట్టుకోవడం మానాడు. తర్వాత చెమట ఆగింది. చివరికి బుడగలు ఆగే క్షణం కోసం ఎదురుచూసేవాడయ్యాడు. ఆగగానే ఒళ్లంతా ప్రశాంతంగా అయ్యేది. ఇంత పెద్ద భయాన్ని జయించానని లోలోపల పొంగిపోయాడు కూడా. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు తల్లి పొయ్యి రాయి మీద గరిటె కొడుతుంటే, ఇగ అది అక్కర లేదవ్వా అన్నాడు. ముత్తవ్వ గరిటె కింద పెట్టి కొడుకు మొహంలోకి అదోలా చూసింది.

ఎనభైలో చెరుకు కాలం. సమ్మన్న సెలవు మీద వచ్చి, పదకొండేళ్ల తర్వాత తనంతట తాను బట్టీ దగ్గరికి నడిచాడు. గంగమణి నమ్మలేకపోయింది.

"ఏంది తమ్మీ, భయమైతలేదా?"

"లేదక్కా. పోయింది."

"ఏడికి పోయింది?" అని నవ్వింది గంగమణి. అయినా సంతోషపడింది. పొయ్యి ఊదేవాడితో ఏదో చెప్పాల్సి వచ్చి తెడ్డు తమ్ముడి చేతికిచ్చింది. "ఆపకుండ కలుపు. సప్పుడు ఆగితే ఎర్కే గదా."

ఎర్కే, తెలియకేం. బాపు పట్టుకున్న తెడ్డు కాదు గానీ అలాంటిదే. సమ్మన్న కలుపుతూ ఉన్నాడు. బెల్లపు ఆవిరి మొహానికి తగులుతుంటే చిన్నతనం ముక్కుపుటాల్లోకి వచ్చింది. కుతకుతలు గుబగుబల్లోకి దిగుతున్నాయి. అప్పుడు చప్పుడు ఆగింది.

సమ్మన్న కదలలేదు.

భయంతో కొయ్యబారి కాదు. అలా అయినా బాగుండేది. కదలకపోవడం నేర్చుకున్నాడు కాబట్టి కదలలేదు. నాలుగేళ్లుగా ఒంటికి పట్టించిన అలవాటు, చేతిని ఆపేసింది. తెడ్డు నిలిచిపోయింది. అద్దంలా నిలబడిన పాకం వైపు, ప్రశాంతంగా, కాస్త ముందుకు వంగి చూశాడు. వస్తుంది, ఉండు, అన్నట్టు.

"ఎనుకకు" అన్న అరుపు వినబడింది. ఆ వెంటనే పక్క నుంచి గంగమణి వచ్చి ఒంటి బరువంతా వేసి తోసింది. సమ్మన్న పిప్పి కుప్ప మీద వెల్లకిలా పడ్డాడు. పడుతూ పడుతూ చూశాడు, కడాయి ఎగజిమ్మింది. అక్క కుడి చెయ్యి, భుజం, మెడ మీద పాకం పడింది. పాకం నీళ్లలా జారిపోదు, పడ్డచోటే అంటుకుని కాలుస్తూ ఉంటుంది.

కూలీలు నీళ్లు కుమ్మరిస్తుంటే, నొప్పికి ఏడవాల్సిన మనిషి తమ్ముడి వంక చూసి ఒకే మాట అడిగింది.

"నీ భయం ఏడ పారేసి వచ్చినవ్‌రా?"

అదే దవాఖాన. మంచం వేరు గానీ అదే గది, అదే కిటికీ, మళ్లీ అరటాకు. ముత్తవ్వ గుమ్మం దాటి లోపలికి రాలేకపోయింది. గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని బయటే కూర్చుంది. మొగుడిని ఈ గదిలోంచే తీసుకుపోయింది ఆమె. డాక్టరు ఏ సంగతీ తేల్చి చెప్పలేదు. కాలినదానికన్నా జ్వరం ప్రమాదం, దిగేదాకా చెప్పలేమన్నాడు. మద్నూర్‌కు కబురు పంపారు. లారీ షోలాపూర్ వైపు పోయిందట, బావ ఎప్పుడొస్తాడో తెలియదు.

సమ్మన్న మంచం పక్కన కూర్చున్నాడు. జ్వరంలో గంగమణి మూలిగేది. మూలిగినంతసేపు ఫరవాలేదు. ఉన్నట్టుండి మూలుగు ఆగిపోయేది. అప్పుడు సమ్మన్నకు, ఇన్నేళ్లూ ఎక్కడికి పోయిందో తెలియని భయం, పాదాల నుంచి నెత్తి దాకా ఒక్కసారిగా ఎక్కి వచ్చేది. లేచి బయటికి పరుగెత్తి, నర్సును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాడు. నిద్రపోతోంది అనేది ఆమె. మళ్లీ ఆగేది, మళ్లీ ఉరికేవాడు. వస్తుంది, ఉండు, అని ఎవరైనా అని ఉంటే అక్కడే కొట్టేవాడేమో. నర్సు విసుక్కుంది, తిట్టింది. ఒకసారి మాత్రం వచ్చి చూసి, ఏమీ అనకుండా గబగబా డాక్టరును పిలిచింది. సూదులు వేశారు, సీసా ఎక్కించారు. ఆ పిలుపు ఆలస్యమై ఉంటే దక్కేది కాదని డాక్టరు తర్వాత ముత్తవ్వతో అన్నాడు.

జ్వరం దిగింది. గంగమణి బతికింది. కుడిచేతి వేళ్లు మాత్రం ముడుచుకుపోయి అలాగే ఉండిపోయాయి, తెడ్డు పట్టడానికి పనికిరాకుండా.

సమ్మన్న బొంబాయి వెళ్లి మిగిలిన కొలతలు పూర్తి చేశాడు. మళ్లీ కాళ్లు కుర్చీ కోళ్లకు మెలిపెట్టుకుని, మళ్లీ చెమటలు కక్కుతూనే. పరాంజపే అది చూసి, బాగా తగ్గింది కదా, మళ్లీ ఎందుకు మొదలైందని అడిగారు. "ఉండనివ్వండి సార్," అన్నాడు సమ్మన్న. "కూర్చుంటాను. కానీ భయపడతాను." పట్టా చేతికి రాగానే పెద్ద ఊళ్ల ఉద్యోగాలకు దరఖాస్తు చేయకుండా బాన్సువాడ వచ్చేశాడు. బొంబాయి చదువు చదివి ఇక్కడేందని ఊళ్లో చెవులు కొరుక్కున్నారు. ఆయన చెవిన పెట్టలేదు.

చెరుకు కాలం వస్తే కాలేజీ వదిలాక ఇప్పటికీ బట్టీ దగ్గరే. తెడ్డు తమ్ముడిది, చెవి అక్కది. గంగమణి కాస్త ఎడంగా, వేపమొద్దు మీద, ముడుచుకున్న చెయ్యి ఒడిలో పెట్టుకుని కూర్చుంటుంది. మొదట్లో ఆమె మొహంలో నవ్వు లేదు. తమ్ముడి వీపు మీది నుంచి చూపు తిప్పేది కాదు.

ఎనభై మూడులో ఒక ఆదివారం మధ్యాహ్నం పాకం దగ్గరపడుతుండగా చప్పుడు తగ్గింది. ఆగలేదు, తగ్గిందంతే. గంగమణి నోరు తెరిచేలోపే సమ్మన్న "ఎనుకకు" అని ఊరు అదిరేలా ఒర్రి, తెడ్డు వదిలేసి, చెప్పులు వదిలేసి, పిప్పి కుప్ప దాటి, బిచ్కుంద రోడ్డు దాకా ఉరికాడు. కడాయి పొంగలేదు. గుబగుబమని మామూలుగానే ఉంది. కూలీలు కడుపు పట్టుకుని నవ్వారు. ఫిజిక్స్ సారు వట్టి కాళ్లతో, పంచె ఎగ్గట్టుకుని, రొప్పుతూ, సిగ్గుపడుతూ తిరిగి వచ్చాడు.

గంగమణి మొద్దు మీద నుంచి లేచి ఎదురొచ్చింది. తమ్ముడి ఛాతీ మీద మంచి చెయ్యి పెట్టి చూసింది. లోపల గుండె డబడబా కొట్టుకుంటోంది.

"భయమైందా?" అని అడిగింది.

"అయిందక్కా. బగ్గ అయింది."

మూడేళ్ల తర్వాత మొదటిసారి ఆమె నవ్వింది. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి, తుడుచుకోలేదు.

"రా, బువ్వ తిందువు," అంది.